కృష్ణాతీరంలో తెలుగు వర్ణక్రమం

ఎన్టీఆర్ జిల్లాలోని మైలవరం పేరును తెలుగులో మూడు విధాలుగా రాయవచ్చు: మైలవరంబు, మైలవరము, మైలవరం. మొదటి రూపం పద్యానికీ శాసనానికీ చెందింది. రెండోది గ్రాంథిక వచనంలోది. మూడోది ఇవాళ బస్సు బోర్డు మీదా బడి రిజిస్టరులోనూ కనబడేది. వీటిలో ఏదీ తప్పు కాదు. ఏ కాలంలో, ఏ రకం రచనలో వాడారన్నదే తేడా. తెలుగు వర్ణక్రమం ఇలాగే పొరలు పొరలుగా ఏర్పడింది. పలుకు ముందు మారింది. రాత చాలా ఆలస్యంగా దాని వెంట వచ్చింది, కొన్నిచోట్ల రాకుండానే ఆగిపోయింది. అలా ఆగడానికి ప్రధాన కారణం ఛందస్సు. ఏ మాటను ఏ అక్షరంతో రాయాలన్న పట్టింపు తెలుగులో బడిపిల్లల కోసం పుట్టలేదు, పద్యం కట్టేవాళ్ల కోసం పుట్టింది. ఈ సంగతి పట్టించుకోకపోతే అరసున్న, బండి ఱ వంటివి అర్థంలేని బరువుగా తోస్తాయి.

మైలవరంబు చివరనున్న బు చాలా పాతది. అమరావతి స్తూపం రాతి మీద నాగబు అనే మాటను గుర్తించి చూపినవారు వేటూరి ప్రభాకరశాస్త్రి. ఆయనది కృష్ణా జిల్లా పెదకళ్లేపల్లి. ప్రాకృత శాసనాల నడుమ దొరికిన తొలి తెలుగు మాటల్లో ఒకటిగా దాన్ని చెబుతారు. బయటి భాష నుంచి తెచ్చుకున్న నామానికి తెలుగు తన ప్రత్యయాన్ని చేర్చుకోవడం అప్పటికే మొదలైందని ఆ ఒక్క మాట చాటుతుంది. ఆ తరవాతి కథ నాగంబు, నాగము, నాగం. బకారం మకారంలో కలిసిపోయింది, చివరి ఉకారం జారిపోయింది, మిగిలిన మకారాన్ని సున్న మోస్తోంది.

ఆ సున్న చేసే పని తెలుగు రాతలోని పొదుపుకు మంచి ఉదాహరణ. గంగ, పంచె, పండు, పంది, పంపు అనే అయిదు మాటల్లో సున్న అయిదు రకాలుగా పలుకుతుంది. తరవాత వచ్చే హల్లు ఏ స్థానంలో పుడుతుందో సున్న ఆ స్థానపు అనునాసికమవుతుంది. చదివేవాడికి సందేహం రాదు కాబట్టి ఙ, ఞ, ణ, న, మలను విడివిడిగా రాయాల్సిన అవసరం పోయింది. పాత శాసనాల్లో ఇంత పొదుపు లేదు. అక్కడ ణ్డ వంటి జంటలు తరచుగా కనిపిస్తాయి.

బెజవాడలోనే ఒక గొప్ప సాక్ష్యం ఉంది. తూర్పు చాళుక్య రాజు యుద్ధమల్లుడి శాసనం మధ్యాక్కర పద్యాల్లో ఉంది, నన్నయకు ముందటిది. దాన్ని చదివి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించినవారు జయంతి రామయ్య పంతులు. గ్రాంథిక భాష పక్షాన నిలబడి వ్యావహారిక వాదులతో హోరాహోరీ తలపడిన పండితుడు కూడా ఆయనే. వెయ్యేళ్ల నాటి అక్షరాలను రాతి మీద వేలితో తడిమి చదివిన మనిషికి వాటి మీద మమకారం కలగడంలో ఆశ్చర్యం లేదు. ఆయన వాదాన్ని కేవలం ఛాందసంగా తీసిపారేసేవారు ఈ సంగతిని మరిచిపోతారు.

ఇప్పటి వర్ణమాలలో లేని ఒక అక్షరం ఆ కాలపు శాసనాల్లో ఉంది: ఴ. తమిళులూ మలయాళీలూ నేటికీ పలికే ధ్వనికి గుర్తు అది. తెలుగులో ఆ ధ్వని నన్నయ నాటికే చెదిరిపోయి, మాటను బట్టి డకారంగానో రేఫగానో లకారంగానో మారింది. తమిళుల ఏఴు తెలుగులో ఏడు అయింది. కోఴి కోడి అయింది. కీఴ్ నుంచి క్రింద వచ్చింది, అది ఇంకా అరిగి కింద అయింది. డెల్టాను ఏలిన వెలనాటి చోడుల పేరులోని డకారమూ ఇదే. దక్షిణాదిన అది చోఴ. ధ్వని పోగానే ఈ అక్షరాన్ని ఎవరూ పట్టి ఉంచలేదు. తొలి వ్యాకరణాలు పుట్టేలోపే అది వాడుకలోంచి తప్పుకొంది, అందువల్ల దాని మీద పోరాటమేదీ జరగలేదు.

బండి ఱ కథ వేరు. దీన్నే శకటరేఫ అంటారు. నన్నయ కాలానికి రకారం, ఱకారం నోట్లో రెండు వేరు ధ్వనులు. చెఱువు, గుఱ్ఱము, ఎఱ్ఱ, ఆఱు, నూఱు వంటి మాటల్లో పలికేది గట్టి ఱ. నది అనే అర్థంలోని ఏఱు కూడా అంతే. తమిళంలో అది ఆఱు. మైలవరం పక్క కొండల్లో పుట్టి కొల్లేటికి చేరే బుడమేరు, కృష్ణలో కలిసే మున్నేరు, పాలేరు, వీటన్నింటి చివరా ఉన్నది ఈ ఏఱే. ఏరువాకలోని ఏరు మాత్రం వేరు. అది నాగలి, అక్కడ మామూలు రకారం. ఈ ప్రాంతపు రైతు నోట ఇప్పుడు రెండూ ఒకటే. సందర్భమే తేడా చెబుతుంది.

ధ్వనులు కలిసిపోయాక అక్షరం ఎందుకు మిగిలింది? ప్రాస కోసం. ప్రాసనియమం ఉన్న తెలుగు పద్యంలో ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. రకారానికి ఱకారంతో ప్రాస కుదరదని పూర్వకవులు పాటించారు, ఎందుకంటే వారి చెవికి అవి వేరు. తరవాతి కవుల చెవికి ఆ తేడా వినబడలేదు, అయినా పూర్వకవుల పద్ధతిని తప్పకూడదనుకున్నారు. చెవి చెప్పనిది జ్ఞాపకం చెప్పాలి. అందుకే ఏయే మాటల్లో ఏ రేఫ ఉందో పట్టికలు కట్టాల్సివచ్చింది. 1656లో కాకునూరి అప్పకవి మొదలుపెట్టిన అప్పకవీయంలో ఈ పని విస్తారంగా జరిగింది. ప్రామాణిక కవుల ప్రయోగాలను చూసి, ప్రాసస్థానంలో మాట ఏ జట్టులో పడిందో గమనించి, దాని అక్షరాన్ని తేల్చడం ఆ పద్ధతి. నేటి భాషాశాస్త్రవేత్త పాత ఉచ్చారణను తవ్వితీసే తీరు కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. అప్పకవి పట్టికల్లో కొన్నిటిని తరవాతివారు సవరించి ఉండవచ్చు గానీ, పద్ధతిలో ఉన్న తర్కం మెచ్చదగింది.

అరసున్న కూడా ఒకప్పటి నిండు అనునాసికానికి మిగిలిన ఆనవాలు. పాత యాండు ఏఁడు అయింది, అంటే సంవత్సరం. సంఖ్య అయిన ఏడుకు అరసున్న లేదు, ఎందుకంటే దాని వెనక ఉన్నది ఴకారం. రెండు వేరు మూలాలు ఒకే ఉచ్చారణకు వచ్చి చేరితే రాత వాటిని విడిగా ఉంచింది. వాఁడు అంటే ఆ మనిషి, వాడు అంటే వన్నె తగ్గిపోవు. ఇలాంటి జంటలు పెద్దబాలశిక్ష చదివిన తరాలకు కంఠతా వచ్చేవి.

అయితే అరసున్నను నిలబెట్టింది అర్థభేదం కాదు, ఇక్కడా పద్యమే. హ్రస్వం మీద కవికి రెండు దారులు దొరుకుతాయి. అతఁడు అంటే మూడు లఘువులు; అతండు అంటే నడుమ గురువు. గణం ఏది కోరితే అది వాడుకోవచ్చు. ఒక మాటను రెండు కొలతల్లో వాడుకునే ఈ వెసులుబాటు ఛందస్సులో చాలా విలువైంది. దీర్ఘం మీద ఈ వికల్పం లేదు, అక్కడ అక్షరం ఎలాగూ గురువే. వ్యాకరణంలోనూ అరసున్నకు పని ఉంది. వచ్చెను అన్నదానికి కొడుకు చేరితే వచ్చెఁ గొడుకు అవుతుంది. చివరి నకారం, అంటే ద్రుతం, అరసున్నగా సన్నబడి, కకారాన్ని గకారం చేస్తుంది. మాటలో మొదటినుంచీ ఉన్న బిందువును సిద్ధమనీ, ఇలా సంధి వల్ల వచ్చినదాన్ని సాధ్యమనీ వ్యాకర్తలు విడదీశారు. పద్యం చదివేవాడికి ఇదంతా అక్కరకొచ్చే వ్యవస్థ. ఉత్తరం రాసుకునే కరణానికి దీంతో ఏ పనీ లేదు.

కరణాలూ లేఖకులూ నిజంగానే దీన్ని పట్టించుకోలేదు. తాటాకుల్లో, శాసనాల్లో అమ్మను అంమ అని, ధర్మాన్ని ధర్మ్మ అని రాయడం మామూలు. మకారం ముందు సున్న ఎలాగూ మకారంగానే పలుకుతుంది, కాబట్టి అంమ అన్న రాత చెవికి సరిపోతుంది. రేఫ తరవాతి హల్లును రెట్టించడం కూడా పలుకును పట్టి వచ్చినదే. 1820లలో మచిలీపట్నంలో కొలువు చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ చేతికి అందినవి ఇలాంటి ప్రతులే. ఒకే కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్పించి, శుద్ధప్రతులు రాయించడం ఆయన జీవితకాలపు పని. ఒక మాటకు ఒక రాత ఉండాలన్న ఆలోచన తెలుగులో ఈ పనితోనూ, దాని వెనకే వచ్చిన అచ్చుతోనూ బలపడింది.

1852లో వచ్చిన బ్రౌన్ నిఘంటువు మరో సంగతిని పట్టుకుంది. తెలుగు చకార జకారాలు రెండేసి రకాలు. చిలుక, చెట్టు, జీతం వంటి మాటల్లో తాలవ్యం. చాప, చుక్క, జొన్న వంటి మాటల్లో దంత్యం. దంత్యానికి బ్రౌన్ ప్రత్యేకమైన గుర్తు పెట్టి చూపాడు, అదే ౘ, ౙ. బెజవాడలోని జకారం దంత్యమే. ఇంగ్లీషు దొరలు ఈ ఊరి పేరులో జకారానికి జెడ్ అక్షరం వాడింది అందుకే. ఆ రోజుల రైల్వే కాగితాల్లోని బెజ్వాడా స్పెల్లింగు ఊరి జనం ఉచ్చారణను తెలుగు లిపికన్నా సూటిగా పట్టి ఉంచింది. మరి ఈ గుర్తు తెలుగు రాతలో ఎందుకు నిలవలేదు? అవసరం లేక. అచ్చతెలుగు మాటలో తరవాతి అచ్చు ఇకారమో ఎకారమో అయితే తాలవ్యం, అ, ఉ, ఒల ముందు దంత్యం. కొద్దిపాటి మినహాయింపులను వదిలేస్తే, తెలుగు తల్లిభాషగా ఉన్నవాడికి గుర్తు లేకుండానే సరైన పలుకు వస్తుంది. ఏ లిపి అయినా భాష తెలిసినవాడి కోసమే రాస్తుంది, అతనికి తెలిసినదాన్ని మళ్లీ చెప్పదు.

వలపలగిలకకు కాలం చెల్లింది మాత్రం అచ్చు వల్ల, అలవాటు వల్ల. ధర్మములో ముందు పలికే రేఫను మకారం తరవాత ఒక గిలకగా రాసే పద్ధతి అది. కన్నడంలో ఇప్పటికీ ఉంది. తెలుగులో 20వ శతాబ్దంలో క్రమంగా వెనకబడి, రేఫ కింద ఒత్తు పెట్టే రాత ఒక్కటే మిగిలింది. పలికే వరసా రాసే వరసా ఒకటయ్యాయి.

1858లో వచ్చిన పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం మొదట్లోనే అక్షరాల లెక్క చెబుతుంది: సంస్కృతానికి 50, ప్రాకృతానికి 40, తెలుగుకు 36. ఈ లెక్కలో తెలుగు వర్ణక్రమానికి మూలసూత్రం ఉంది. అచ్చతెలుగు మాటను పలికినట్టు రాయాలి. సంస్కృత సమాన్ని దాని మూలంలో ఉన్నట్టు రాయాలి, నోరు ఎలా పలికినా సరే. ఒకే వాక్యంలో రెండు చట్టాలు నడుస్తాయి. బడిలో అక్షరదోషాలు దాదాపు అన్నీ ఈ రెండో చట్టం దగ్గరే పుడతాయి. విద్యార్థిని విధ్యార్ధి అని, బాధను భాద అని, దీర్ఘాన్ని ధీర్ఘం అని రాసే పిల్లవాడు నిర్లక్ష్యంగా రాయడం లేదు. మాటలో ఒత్తు ఉందని అతనికి తెలుసు. ఏ అక్షరానికో చెవి చెప్పదు. విద్య, అర్థి అని విడదీసి చూపితే దకారానికి ఒత్తు లేదని, థకారమే ఉండాలని వెంటనే తేలుతుంది. అర్ధం అంటే సగం, అర్థం అంటే భావం. ఇక్కడ దారి చూపేది వ్యుత్పత్తి ఒక్కటే, బట్టీ పట్టిస్తే ఫలితం ఉండదు. కృష్ణ మాటలోని ఋకారమూ ఇలాంటిదే. జనం కిష్ణ అన్నారు, కిష్టన్న అని పిలుచుకున్నారు. 1883 నాటి జిల్లా మాన్యువల్‌లో గోర్డన్ మెకంజీ కూడా ఆ కాలపు అధికార రాతను అనుసరించి కిస్ట్నా జిల్లా అనే రాశాడు. తెలుగు రాత మాత్రం ఎన్నడూ కృష్ణను వదలలేదు.

బాలవ్యాకరణం కావ్యభాషకు రాసిన వ్యాకరణం. దాన్ని బడి పిల్లల వచనానికీ వర్తింపజేయడంతో గొడవ మొదలైంది. 1910 ప్రాంతాల స్కూలు ఫైనలు పరీక్షలో తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాసయ్యంగారు, విద్యాధికారి జె.ఎ. యేట్స్ వాడుక భాష వైపు నిలిచారు. జయంతి రామయ్య పంతులు, 1911లో ఏర్పడిన ఆంధ్రసాహిత్య పరిషత్తు మరోవైపు. గురజాడ 1914లో తన అసమ్మతి పత్రం రాశారు. అప్పటికి గెలిచింది గ్రాంథిక పక్షమే. కానీ గిడుగు ఎంచుకున్న ఆయుధం పదునైంది. గ్రాంథికం తప్ప మరేదీ పనికిరాదనే పండితుల పుస్తకాలనే ముందేసుకుని, వాళ్లే ఆ నియమాలను తప్పుతున్న చోట్లను వరసగా చూపించారు. 1933లో వచ్చిన ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజం అలాంటి గ్రంథం. పండితులే పాటించలేని నియమాలతో పిల్లల్ని శిక్షించడం అన్యాయమన్న వాదనకు జవాబు దొరకలేదు. ఈ వివాదంలో న్యాయం గిడుగు వైపే ఉంది. అక్షరాల చరిత్ర మీద ప్రేమకూ, ఆ చరిత్రను పసివాడి పరీక్షపత్రం మీద రుద్దడానికీ మధ్య ఉన్న తేడాను ఆయన సరిగ్గా గుర్తించారు.

సరిగ్గా అవే సంవత్సరాల్లో రష్యాలో ఇలాంటి తగవే నడిచింది. రష్యన్ లిపిలో యాత్ అనే అక్షరం ఉండేది. ఒకప్పుడు వేరు ధ్వని, తరవాత ఎకారంతో కలిసిపోయింది. తినడం, ఉండడం అనే అర్థాల్లోని రెండు మాటలు ఒకేలా పలికినా, తినడానికి యాత్, ఉండడానికి మామూలు ఎకారం రాయాలి. ఏఁడుకూ ఏడుకూ ఉన్న తేడాయే ఇది. యాత్ రాయాల్సిన మాటలను బడిపిల్లలు పద్యాలు కట్టుకుని వల్లెవేసేవారు. 1904లో అక్కడి సైన్సు అకాడమీ ఒక సంఘాన్ని వేసింది, 1917–18లో ప్రభుత్వ ఆజ్ఞతో యాత్‌నూ మరికొన్ని అక్షరాలనూ తీసేశారు. తెలుగులో ఆజ్ఞ ఏదీ రాలేదు. అరసున్ననూ బండి ఱనూ ఫలానా రోజున రద్దు చేశామని ఎవరూ ప్రకటించలేదు. పత్రికలూ కథకులూ రాయడం మానేశారు, 20వ శతాబ్దం నడిమికి రోజువారీ అచ్చులో అవి దాదాపు కనబడకుండా పోయాయి.

ఆ పనిలో విజయవాడది పెద్ద పాత్ర. 1952లో విశాలాంధ్ర, 1960లో నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలో ఆంధ్రజ్యోతి ఇక్కడే మొదలయ్యాయి. పత్రికల్లో స్థిరపడిన రాతకు ఆధారం మధ్యమండలం పలుకుబడి, అంటే కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవారి మాట. వచ్చాడు, చేశాడు, వెళ్తున్నారు అన్న రూపాలు ప్రమాణమయ్యాయి. తెలంగాణ వచ్చిండు, సీమ వచ్చినాడు అచ్చులోకి రావడానికి చాలాకాలం పట్టింది. ఆ ఆలస్యానికి భాషాపరమైన కారణం ఏదీ లేదు. అచ్చుయంత్రాలూ బడులూ ముందు ఇక్కడ పెరిగాయి, అంతే.

వ్యాకర్త లేని చోట పత్రికల డెస్కులు నియమాలు చేసుకున్నాయి. చేశాడు, చేసాడు అన్న రెండు రాతలూ నేటికీ నడుస్తున్నాయి. శకారం వైపు ఉన్న తర్కం ఇది: చేసి అన్న రూపం చివరి ఇకారం ఆకారంతో కలిసేటప్పుడు యకారం పుట్టి, సకారాన్ని తాలవ్యం చేసింది. నోట వినబడేది శకారమే. సకారం వైపు వారు ధాతువు చేయు, చేసి రూపాలతో పోలిక చెదరకూడదంటారు. ఊళ్లు, ఊళ్ళు తగవూ అలాంటిదే. ఊరుకు లు చేరింది కాబట్టి కింద లకారపు ఒత్తు ఉండాలనేది ఒక పక్షం. పలికేది ళ్ళ కాబట్టి అదే రాయాలనేది రెండో పక్షం. మొదటిది మాట నిర్మాణాన్ని చూపే రాత, రెండోది పలుకును చూపే రాత. రష్యన్ వర్ణక్రమం మొత్తం ఈ మొదటి సూత్రం మీదే నిలిచింది: ఊనిక లేని చోట ఒకారం అకారంలా పలికినా, అదే ధాతువు మరో రూపంలో ఊనికతో ఒకారంగా వినబడితే అన్నిచోట్లా ఒకారమే రాస్తారు.

విజయవాడలో విశాలాంధ్ర పుస్తకాల దుకాణం నుంచి సోవియట్ పుస్తకాలు కొనుక్కున్న పాఠకులకు ఈ సూత్రం తెలియకుండానే ఎదురైంది. మాస్కోలో అచ్చయిన తెలుగు అనువాదాల మీద తొల్‌స్తోయ్ అని ఉండేది, ఇక్కడి పత్రికల్లో టాల్‌స్టాయ్. రెండోది ఇంగ్లీషు మీదుగా వచ్చింది. మొదటిది రష్యన్ రాతను అక్షరాలా దించింది. రష్యన్ నోట వినిపించేది తల్‌స్తోయ్‌కి దగ్గర.

పోయిన అక్షరాలు ఇప్పుడు కంప్యూటరు మీద మళ్లీ దొరుకుతున్నాయి. యూనికోడ్‌లో అరసున్న, ఱ మొదటినుంచీ ఉన్నాయి. ౘ, ౙలు 2008లో, ఴ 2014లో, అచ్చు లేని నకారానికి గుర్తయిన నకారపొల్లు 2021లో చేరాయి. వీటిని కోరింది పత్రికలూ బడులూ కావు. శాసనాలను, తాళపత్రాలను ఉన్నది ఉన్నట్టు టైపు చేసి దాచాల్సిన పరిశోధకులకు ఇవి కావాలి. బెజవాడ శాసనం పాఠాన్ని ఏ అక్షరమూ మార్చకుండా తెలుగు లిపిలోనే తెర మీద పెట్టడానికి ఇప్పుడు వీలుంది.